లోకం బాధలో ఉంటే నేను సంతోషంగా ఉండొచ్చా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఉద్యోగం వచ్చింది, లేదా బిడ్డ పుట్టింది, లేదా ఏ కారణమూ లేకుండానే ఆ రోజు మనసు తేలిగ్గా ఉంది. అంతలో ఫోన్‌లో ఒక వార్త కనిపిస్తుంది. శిథిలాల్లో వెతుకుతున్న తండ్రి, శిబిరంలో పిల్లలు. మనసు చివుక్కుమంటుంది. వాళ్ళు అలా ఉంటే నేను ఇలా ఎలా ఉండగలుగుతున్నాను అన్న ప్రశ్న అక్కడ మొదలవుతుంది. ఇలా అడిగేవాళ్ళకి చుట్టుపక్కలవాళ్ళు ఇచ్చే సలహా ఒకటే: ఎక్కువ ఆలోచించకు. ఆ సలహా ఎవరికీ పనికొచ్చినట్టు నేను చూడలేదు. అందుకే తరచుగా వచ్చే ప్రశ్నలకి కాస్త వివరంగా జవాబులు రాస్తున్నాను.

ఎక్కడో యుద్ధం, ఎక్కడో ఆకలి. ఇలాంటప్పుడు నేను సంతోషంగా ఉండడం తప్పా?

తప్పు కాదు. మీరు నవ్వడం మానేసినంత మాత్రాన ఏ శిబిరానికీ ఒక్క దుప్పటి అదనంగా చేరదు. మీరు దిగులుపడితే వాళ్ళ దిగులు తగ్గదు, లోకంలో దిగులు ఇంకొంచెం పెరుగుతుంది, అంతే.

కానీ ఇక్కడితో ఆగితే అది సగం జవాబే. బాగున్నవాళ్ళ దగ్గర కొన్ని ఉంటాయి: ఓపిక, తీరిక, కొంత డబ్బు, రాత్రి నిద్రపోయిన బుర్ర. కష్టంలో ఉన్నవాళ్ళకి ఇవేవీ ఉండవు. మీ మనసు పదేపదే గుచ్చుతున్నది సంతోషంగా ఉన్నందుకు కాకపోవచ్చు, చేతిలో ఉన్నవి వాడకుండా ఊరుకున్నందుకు కావచ్చు. ఈ రెండింటినీ కలిపేసుకోవడం వల్లే చాలామంది సంతోషాన్ని వదులుకుని, చేయాల్సిన పనిని మాత్రం అలాగే వదిలేస్తారు.

ఏ తప్పూ చేయనప్పుడు గిల్టీగా ఎందుకు అనిపిస్తుంది?

ఎవరికి ఏది దక్కాలన్న విషయంలో మనందరికీ లోపల ఒక లెక్క ఉంటుంది. ఇద్దరిలో ఒకరికి అన్నీ దక్కి, ఇంకొకరికి ఏమీ దక్కకపోతే మనసు కారణం వెతుకుతుంది. ఇక్కడ కారణం దొరకదు. మీరు ఫలానా దేశంలో, ఫలానా ఇంట్లో, ఫలానా సంవత్సరంలో పుట్టారు. యుద్ధంలో చిక్కుకున్న ఆ పాప ఇంకోచోట పుట్టింది. ఆ ఎంపికలో మీ గొప్పా లేదు, ఆ పాప తప్పూ లేదు. కారణం దొరకనప్పుడు మనసు తప్పుని తన మీదే వేసుకుంటుంది.

కాబట్టి అపరాధ భావం కలిగినప్పుడు ముందుగా మూడు ప్రశ్నలు వేసుకోండి. నేను ఎవరికైనా అన్యాయం చేశానా? చేయగలిగి ఉండి చేయనిది ఏమైనా ఉందా? లేక ఊరికే నా పరిస్థితి బాగుందా? ఈ మూడూ లోపల ఒకేలా నొప్పెడతాయి, కానీ మూడింటికీ మందు వేరు. మొదటిదైతే సరిదిద్దుకోవాలి. రెండోదైతే ఆ పని చేయాలి. మూడోదైతే అది తప్పు కాదు, జాలి, అంతే. చెప్పులో రాయి పడితే ఆగి, తీసి, ఏమిటో చూస్తాం. కుంటుకుంటూ నడవడమే పుణ్యం అనుకోం.

నా సుఖం నిజంగానే వేరేవాళ్ళ కష్టం మీద నిలబడి ఉంటే?

అప్పుడు ఆ గిల్ట్ నిజమే చెబుతోంది, దాన్ని జోకొట్టి పడుకోబెట్టకండి. ఇంట్లో పనిచేసే మనిషికి సెలవు ఇవ్వకపోవడం వల్ల మీ ఆదివారం హాయిగా గడుస్తుంటే, ఆ హాయి విషయంలో మనసు ఇబ్బంది పడాల్సిందే. అన్నదమ్ముల్లో ఒకరే ముసలి తల్లిదండ్రుల్ని చూసుకుంటుంటే మిగతావాళ్ళు తీరిగ్గా ఉన్నప్పుడూ అంతే. ఇలాంటిచోట ధ్యానం, "నన్ను నేను క్షమించుకోవడం" లాంటివి ముందు రావు. సెలవు ఇవ్వడం, ఫోన్ చేసి "వచ్చే నెల అమ్మానాన్నల్ని నేను చూసుకుంటాను" అనడం ముందు రావాలి.

మనం కొనే వస్తువుల వెనక ఎవరి కష్టం ఉందో పూర్తిగా తెలుసుకోవడం ఎవరివల్లా కాదు. తెలిసిన మేరకు మారడం, మిగతా మార్పు కోసం చట్టాలు అడిగేవాళ్ళకి తోడు నిలవడం మన చేతిలో ఉన్నవి.

వార్తలు చూడడం మానేస్తే పారిపోయినట్టు కాదా?

ఈ ప్రశ్న అడిగేవాళ్ళు చాలా ఎక్కువ, దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం. చూడడం ఒక బాధ్యత అని, కళ్ళు తిప్పుకోవడం ద్రోహం అని చాలామందికి గట్టిగా అనిపిస్తుంది. రాత్రి పన్నెండు దాటినా వీడియో తర్వాత వీడియో చూస్తూ ఉంటారు. బొటనవేలు పైకి జరుపుతూనే ఉంటుంది. పక్కన బిడ్డ నిద్రపోతూ ఉంటుంది. ఆ బిడ్డ ముఖం చూసి సంతోషపడాలన్నా భయమేస్తుంది.

2013లో బోస్టన్ మారథాన్ దగ్గర బాంబులు పేలాక అమెరికాలో కొందరు మనస్తత్వ పరిశోధకులు వేలమందిని ప్రశ్నించారు. పేలుడు తర్వాతి వారంలో రోజుకి 6 గంటలు, అంతకుమించి ఆ వార్తలు చూసినవాళ్ళలో మానసిక ఒత్తిడి లక్షణాలు, పేలుడు జరిగినచోట స్వయంగా ఉన్నవాళ్ళలో కంటే కూడా ఎక్కువగా కనిపించాయి. అంటే చూడడం అనేది ఊరికే పోదు, శరీరం మీద పనిచేస్తుంది. దానివల్ల బాధితులకి ఒరిగింది మాత్రం ఏమీ లేదు.

తెలుసుకోవడం వేరు, చూస్తూ కూర్చోవడం వేరు. ఏం జరిగింది, ఎందుకు జరిగింది, ఎవరు సాయం చేస్తున్నారు, నేను ఏం చేయగలను అన్నది తెలుసుకోవడానికి రోజుకి కాసేపు చాలు. చదివితే ఇంకా మంచిది, వీడియోలో అరుపులు మనసులో చాలాకాలం ఉండిపోతాయి. ఇది చదివాక నేను చేసేది ఏమైనా మారుతుందా అని అడగండి. మారదు అనిపిస్తే ఫోన్ పక్కన పెట్టేయొచ్చు. అది పారిపోవడం కాదు. ఒక సంక్షోభం గురించి నెలల తరబడి పట్టించుకునేవాళ్ళు సాధారణంగా ఇలా హద్దు పెట్టుకున్నవాళ్ళే. హద్దు లేనివాళ్ళు కొన్ని వారాల్లో అలసిపోయి, పూర్తిగా మొహం తిప్పేసుకుంటారు.

ఎంత సాయం చేస్తే సరిపోతుంది? ఎంత చేసినా తక్కువే అనిపిస్తుంది.

దీనికి తత్వవేత్తలు కూడా ఒక్క మాటమీద లేరు. 1971లో తూర్పు బెంగాల్ (ఇప్పటి బంగ్లాదేశ్) నుంచి లక్షలాది శరణార్థులు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వస్తున్నప్పుడు ఆస్ట్రేలియాకి చెందిన పీటర్ సింగర్ ఒక వ్యాసం రాశాడు, అది 1972లో అచ్చయింది. దారిపక్క లోతులేని చెరువులో ఒక పసిబిడ్డ మునిగిపోతుంటే బట్టలకి బురద అంటుతుందని ఎవరైనా ఊరుకుంటారా? ఊరుకోకూడదని ఒప్పుకుంటే, దూరదేశంలో చనిపోతున్న బిడ్డ విషయంలో మాత్రం ఎందుకు ఊరుకుంటున్నాం? ఇదీ ఆయన ప్రశ్న. యాభై ఏళ్ళు దాటినా ఆ ప్రశ్నని తేలిగ్గా పక్కన పెట్టగలిగినవాళ్ళు లేరు, పెట్టకూడదు కూడా.

పదేళ్ళ తర్వాత, 1982లో, అమెరికా తత్వవేత్త సూజన్ వుల్ఫ్ ఇంకోవైపు నుంచి మాట్లాడింది. ప్రతి నిమిషాన్నీ ఇతరుల మేలు కోసమే ఖర్చుపెట్టే మనిషికి సంగీతం, స్నేహం, తీరిగ్గా ఏదైనా నేర్చుకోవడం లాంటివాటికి చోటు ఉండదని, అలాంటి జీవితాన్ని అందరూ కోరుకోవాల్సిన ఆదర్శంగా పెట్టలేమని ఆమె వాదన. నాకు ఇద్దరి మాటలోనూ బలం కనిపిస్తుంది. సింగర్ మాట వింటే చేతికి పని దొరుకుతుంది. వుల్ఫ్ మాట వింటే ఆ పని చేసే మనిషి మిగులుతాడు.

మనిషి మిగలకపోతే ఏమవుతుందో సిమోన్ వేయ్ జీవితంలో కనిపిస్తుంది. ఫ్రాన్స్‌కి చెందిన ఈ తత్వవేత్త రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఇంగ్లండ్‌లో ఉంది. క్షయ వ్యాధి వచ్చింది. డాక్టర్లు బాగా తినమన్నా, ఆక్రమణలో ఉన్న ఫ్రాన్స్ ప్రజలకి దొరికేదానికంటే ఎక్కువ తిననంది. 1943లో 34 ఏళ్ళకే చనిపోయింది. ఆమె మనసుకి చేతులెత్తి దండం పెట్టాల్సిందే. కానీ ఆమె వదిలేసిన ముద్ద ఫ్రాన్స్‌లో ఎవరి కంచంలోకీ చేరలేదు. బతికి ఉంటే రాయాల్సినది, చేయాల్సినది ఎంతో ఉండిపోయింది.

ఆచరణలో నేను చెప్పేది ఇది: మనసు బాగా కదిలిన రోజున కాకుండా, ప్రశాంతంగా ఉన్న ఒక రోజున కూర్చుని మీ ఆదాయంలో ఎంత శాతం, వారంలో ఎన్ని గంటలు ఇవ్వగలరో నిర్ణయించుకోండి. కాస్త ఇబ్బంది పెట్టేంత ఉండాలి, కుటుంబాన్ని కుంగదీసేంత కాదు. ఆదాయం పెరిగినప్పుడల్లా ఆ మొత్తాన్ని తిరిగి చూడండి. ఒకసారి ఇవ్వాల్సింది ఇచ్చేశాక, మిగిలిన డబ్బుతో సినిమాకి వెళ్ళినప్పుడు మళ్ళీ మనసులో కోర్టు పెట్టకండి. తీర్పు అప్పటికే అయిపోయింది.

నా ఒక్కడి వల్ల ఏమవుతుంది?

కోట్ల సంఖ్య వినగానే మనసు చేతులెత్తేస్తుంది. దీన్ని 2007లో ఒక ప్రయోగంలో చూపించారు. ఆకలితో ఉన్న ఒక్క పాప గురించి చెప్పినప్పుడు జనం ఎక్కువ విరాళం ఇచ్చారు. అదే పాప కథతో పాటు లక్షల మంది గణాంకాలు కూడా కలిపి చెప్పేసరికి ఇచ్చేది తగ్గిపోయింది. ఎక్కువ మంది బాధపడుతున్నారని తెలిస్తే ఎక్కువ సాయం చేయాలి, కానీ మనసు అలా పనిచేయదు.

అందుకే ఇంకో సంఖ్య కూడా చెప్పాలి. ప్రపంచంలో ఐదేళ్ళు నిండకుండానే చనిపోయిన పిల్లలు 1990లో 1.2 కోట్లకు పైగా ఉంటే, 2022 నాటికి ఆ సంఖ్య 49 లక్షలకు తగ్గింది. 49 లక్షలు ఇప్పటికీ భరించలేని సంఖ్యే. అయినా ఏటా దక్కుతున్న లక్షల ప్రాణాలు ఊరికే దక్కలేదు. టీకాలు, ఓఆర్‌ఎస్, దోమతెరలు, శుభ్రమైన నీళ్ళు, మెరుగైన కాన్పులు, వీటివల్ల దక్కాయి. మశూచి భూమ్మీద లేకుండా పోయిందని 1980లో ప్రకటించగలిగారు అంటే, ఊరూరూ తిరిగి టీకాలు వేసిన ఆరోగ్య కార్యకర్తల వల్లే. వాళ్ళలో చాలామంది పేర్లు మనకి తెలియవు. ఒక్కొక్కరూ "నా ఒక్కడి వల్ల ఏమవుతుంది" అనుకుని ఉంటే ఆ ప్రకటన వచ్చేది కాదు.

దూరదేశాల సంగతి సరే. మా సొంత అక్కే బాధలో ఉంటే?

లోకం బాధ కంటే ఇది కష్టమైన ప్రశ్న. అక్క ఏళ్ళ తరబడి పిల్లల కోసం ఆసుపత్రుల చుట్టూ తిరుగుతోంది. చెల్లెలికి పెళ్ళైన కొద్ది నెలల్లోనే కడుపు పండింది. ఈ మాట అక్కకి ఎలా చెప్పాలి? చెల్లెలు ఫోన్ తీస్తుంది, అక్క పేరు దాకా వెళ్తుంది, మళ్ళీ పెట్టేస్తుంది. చివరికి అమ్మ చేత చెప్పిస్తుంది. తర్వాత అక్క ఎదుట నీరసం గురించి మాట్లాడదు, పుట్టబోయే బిడ్డకి పేరు గురించి మాట్లాడదు, తనకి ఏదో జబ్బు చేసినట్టు ఉంటుంది. అక్కకి అంతా అర్థమవుతూనే ఉంటుంది. తనవల్లే చెల్లెలి ఇంట్లో నవ్వు లేదని ఇంకో బరువు ఆమె మీద పడుతుంది.

ఇలాంటిచోట దాచడం కంటే ముందుగా, ఒంటరిగా, సూటిగా చెప్పడం మేలు. "అక్కా, నీకు ఒక విషయం నేనే చెప్పాలనుకున్నాను. నీకు బాధేస్తుందని తెలుసు. నువ్వు ఏడ్చినా, కొన్నాళ్ళు మాట్లాడకపోయినా నేనేమీ అనుకోను." అందరి ముందూ కాకుండా, ఆమె మొహం దాచుకోగలిగే వీలుంటే ఇంకా మంచిది, కాబట్టి కొన్నిసార్లు ఎదురుగా కంటే ఫోన్‌లోనో మెసేజ్‌లోనో చెప్పడమే దయ. ఆ తర్వాత ఏ వేడుకకి రావాలో, ఏది మానాలో ఆమెకే వదిలేయండి. రాకపోతే అలగకండి.

మీ సంతోషం మాత్రం మీది. దాన్ని భర్తతో, స్నేహితులతో, అమ్మతో పూర్తిగా పంచుకోండి. అక్క ముందు గొంతు తగ్గించడం మర్యాద. అక్క లేనప్పుడు కూడా తగ్గించుకుంటే ఆ బిడ్డకి అన్యాయం. ఇంకో మాట, అక్కతో ఆమె సంగతులు మాట్లాడడం మానేయకండి. చికిత్స ఎలా సాగుతోందో, ఆఫీసులో ఏం జరుగుతోందో అడగండి. తన జీవితం కూడా ఇంట్లో ఎవరికో ముఖ్యమే అని ఆమెకి తెలియాలి.

ప్రమాదంలో నా స్నేహితులు పోయారు, నేను మిగిలాను. నవ్వొచ్చిన ప్రతిసారీ నేరం చేసినట్టుంది.

ఇది మీ ఒక్కరికే కాదు. 1960లలో విలియం నీడర్‌లాండ్ అనే మానసిక వైద్యుడు నాజీ శిబిరాల నుంచి ప్రాణాలతో బయటపడ్డవాళ్ళని చూస్తూ ఈ వేదన గురించి వివరంగా రాశాడు. తమవాళ్ళు పోయి తాము మిగలడమే తప్పు అన్నట్టు ఏళ్ళ తరబడి కుమిలిపోయినవాళ్ళు వాళ్ళు. 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘం పీటీఎస్‌డీ అనే జబ్బుని, అంటే ఘోరమైన అనుభవం తర్వాత కూడా మనసుని వెంటాడే వేదనని గుర్తించినప్పుడు, బతికి బయటపడినందుకు కలిగే అపరాధ భావాన్ని దాని లక్షణాల్లో ఒకటిగా చేర్చింది. ప్రమాదాల్లోనే కాదు, ఆఫీసులో సగంమందిని తీసేసినప్పుడు ఉద్యోగం మిగిలినవాళ్ళలో, అన్నకి వచ్చిన జబ్బు తనకి రానందుకు తమ్ముళ్ళలో కూడా ఇలాంటి బాధే ఉంటుంది.

"నేను అటు కూర్చుని ఉంటే", "ఆ రోజు వద్దని ఉంటే" అనే ఆలోచనలు పదేపదే వస్తుంటే వాటిని ఒంటరిగా మోయకండి. ఏం జరిగిందో మొదటినుంచి చివరిదాకా, నమ్మకమున్న ఒక మనిషికో కౌన్సిలర్‌కో చెప్పండి. ఇప్పుడు తెలిసిన విషయాలు అప్పుడు మీకు తెలియవని, అలా చెబుతుంటేనే మీకు మెల్లగా అర్థమవుతుంది. పోయినవాళ్ళ ఇంటికి వెళ్ళడం మానకండి. వాళ్ళ అమ్మ మిమ్మల్ని చూసి ఏడుస్తుంది, నిజమే. కానీ తన కొడుకు గురించి, అతని జోకుల గురించి మాట్లాడగలిగే మనుషులు ఆవిడకి రోజురోజుకీ తగ్గిపోతుంటారు.

వాళ్ళ కష్టం ముందు నా కష్టం ఏపాటిది? నేను ఏడవడం కూడా తప్పేనేమో?

మీ కాలు విరిగితే ఇంకెవరికో రెండు కాళ్ళూ లేవని కట్టు మానేయరు కదా. బాధకి పోటీలు పెట్టకూడదు. పైగా తన బాధని లెక్కచేయనివాళ్ళు కొన్నాళ్ళకి ఎదుటివాళ్ళ బాధని కూడా తేలిగ్గా తీసేయడం మొదలుపెడతారు. "నాకు అంతకంటే ఎక్కువైంది, నేను ఏడ్చానా?" అనే మాట అలాగే పుడుతుంది.

సంతోషంగా ఉండడం అలవాటైతే మనసు మొద్దుబారిపోదా?

మొద్దుబారేది సంతోషం వల్ల కాదు, ఎక్కువగా అలసట వల్ల. ఎదుటివాళ్ళ బాధని మన ఒంట్లోకి తీసుకుని వాళ్ళతో పాటు మునిగిపోవడం ఒకటి. వాళ్ళ మేలు కోరుతూ వాళ్ళ పక్కన నిలబడడం ఇంకొకటి. ఓల్గా క్లిమెకి, టానియా సింగర్ అనే మెదడు పరిశోధకులు ఈ రెండింటినీ విడివిడిగా పరిశీలించారు. బాధని పంచుకోవడంలో శిక్షణ పొందినవాళ్ళు, బాధాకరమైన వీడియోలు చూసినప్పుడు మరింత కుంగిపోయారు. అదే మనుషులకి తర్వాత కరుణలో శిక్షణ ఇస్తే, అవే తరహా వీడియోలు చూస్తూ కూడా మనసులో ఆప్యాయత నిలుపుకోగలిగారు. మెదడులో పనిచేసిన భాగాలు కూడా వేరుగా కనిపించాయి.

మన పాతవాళ్ళకి ఇది కొత్త సంగతి కాదు. బౌద్ధంలోనూ యోగ సంప్రదాయంలోనూ మైత్రి, కరుణ, ముదిత, ఉపేక్ష (అంటే ఇక్కడ నిర్లక్ష్యం కాదు, చలించని సమభావం) అని నాలుగు చెబుతారు. బాధలో ఉన్నవాళ్ళ పట్ల కరుణ ఎంత అవసరమో, బాగున్నదాన్ని చూసి సంతోషించగలగడం, అంటే ముదిత, అంతే అవసరమని వాటిని పక్కపక్కనే పెట్టారు. సంతోషం ఎలా ఉంటుందో పూర్తిగా మరిచిపోయిన మనిషి ఇంకొకరికి ఏం కోరతాడు?

ఇంకో సంగతి. 2008లో ఎలిజబెత్ డన్ బృందం కొందరికి ఉదయం 5 డాలర్లో 20 డాలర్లో ఇచ్చి సాయంత్రంలోగా ఖర్చుపెట్టమంది. తమ మీద ఖర్చుపెట్టుకున్నవాళ్ళ కంటే వేరేవాళ్ళ కోసం ఖర్చుపెట్టినవాళ్ళే సాయంత్రానికి ఎక్కువ సంతోషంగా ఉన్నారు. ఇచ్చింది 5 అయినా 20 అయినా తేడా రాలేదు. సాయం చేసి సంతోషపడితే అది స్వార్థం అయిపోతుందని కొందరు భయపడతారు. ఆ భయం అక్కర్లేదు. పుచ్చుకున్నవాళ్ళకి ఇచ్చినవాళ్ళ మొహం వాడిపోయి ఉండడం వల్ల లాభం లేదు.

ఇలాంటప్పుడు ఫొటోలు పెట్టొచ్చా?

పెట్టొచ్చు. మీకు తెలిసినవాళ్ళ ఇంట్లో చావు జరిగిన రోజున, మీ చుట్టూ ఉన్నవాళ్ళంతా ఏదో విపత్తులో ఉన్న రోజున ఆగండి. రెండు రోజుల తర్వాత పెట్టినా ఫొటో పాడవదు.

ఇది మామూలు బాధా, డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సినదా?

వార్త చూసి ఒక పూట అన్నం సయించకపోవడం మామూలే. రెండు వారాలు దాటినా నిద్ర పట్టకపోతే, ఇదివరకు ఇష్టంగా చేసిన పనులేవీ రుచించకపోతే, తినడానికి, నవ్వడానికి, కొత్త బట్ట కట్టడానికి కూడా నాకు అర్హత లేదనిపిస్తుంటే అది డిప్రెషన్ కావచ్చు. అర్థం లేని అపరాధ భావం డిప్రెషన్ లక్షణాల్లో ఒకటి. దానికి చికిత్స ఉంది. బతకడమే దండగ అన్న ఆలోచన వస్తే వారాలు లెక్కపెట్టకండి, ఆ రోజే ఇంట్లో ఒకరికి చెప్పి డాక్టర్‌ని కలవండి.

మా అమ్మాయి వార్తలు చూసి "మనం ఆడుకోవచ్చా అమ్మా?" అంది. ఏం చెప్పాలి?

ముందు "నీకు ఏం కనిపించింది, ఏం అనిపించింది?" అని అడగండి. పిల్లలు చూసింది ఒకటి, మనం ఊహించుకునేది ఇంకొకటి కావచ్చు. తర్వాత నిజం చెప్పండి, వయసుకి తగ్గట్టు. అక్కడ పిల్లలు కష్టంలో ఉన్నారు, వాళ్ళకి సాయం చేసే పెద్దవాళ్ళు ఉన్నారు, మనం కూడా ఏదైనా చేద్దాం అనండి. ఏం చేద్దామో తననే ఎంచుకోనివ్వండి: దాచుకున్న డబ్బుల్లో కొంత పంపడమో, చిన్నవైపోయిన బట్టలు ఉతికి, మడిచి ఇవ్వడమో. ఆ పని తనతో కలిసి ఆ రోజే చేయండి, రేపటికి వాయిదా వేయకండి. అది అయ్యాక ఆడుకోవచ్చని చెప్పండి, వీలైతే మీరూ వెళ్ళి ఆడండి. అమ్మ ఇంకా దిగులుగానే ఉందో లేదో తను మీ మొహంలో చూస్తూనే ఉంటుంది.